మూత్రపిండాలను కడిగే ఆకు: మూడున్నర శతాబ్దాల ఒక మాట కథ

మీ వంటింటి అలమరలో గ్రీన్ టీ డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. ఆ డబ్బాతోపాటు ఒక మాట కూడా మీ ఇంటికి వచ్చే ఉంటుంది. పరగడుపున గ్రీన్ టీలో చెంచాడు తేనె కలుపుకొని తాగితే కిడ్నీలు శుభ్రపడతాయట. ఉదయం నడకలో కలిసే మిత్రులు చెప్పి ఉండవచ్చు, ఫోనులో ఎవరో పంపి ఉండవచ్చు. ఫోన్లు వచ్చాక పుట్టిన చిట్కాలలో ఇదొకటని నేనూ చాలాకాలం అనుకున్నాను. వృత్తి నుంచి విరమించి, తీరికగా వైద్య చరిత్ర చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఈ మాట వయస్సు మూడున్నర శతాబ్దాల పైచిలుకని. తేనెతో సహా.

1660 ప్రాంతంలో లండన్ నగరంలో, రాయల్ ఎక్స్ఛేంజ్ భవనానికి దగ్గరలో ఉన్న ఒక సందులో థామస్ గార్వే అనే వర్తకుడు పొగాకు, కాఫీ, తేయాకు అమ్మేవాడు. తేయాకు అప్పటికి ఆంగ్లేయులకు కొత్త సరుకు. పౌను ఆకు 16 షిల్లింగుల నుంచి 50 షిల్లింగుల దాకా పలికేది. సామాన్యుడు చేయి చాచే ధర కాదది. అంత ఖరీదైన ఎండుటాకును ఎందుకు కొనాలో చెప్పడానికి గార్వే ఒక పెద్ద కాగితం అచ్చువేయించాడు. తేయాకు ఎక్కడ పెరుగుతుందో, ఎలా కోస్తారో వర్ణించి, ఆ తరువాత అది పోగొట్టే రోగాల జాబితా ఇచ్చాడు. తలనొప్పి, మతిమరుపు, జలుబు, ఒంటి నీరు, కళ్ల మసక, ఒకటేమిటి! ఆ జాబితాలోనే ఉంది మన మాట. మూత్రపిండాలలో రాయికి, ఇసుకకు తేయాకు మంచిదట. చక్కెరకు బదులు స్వచ్ఛమైన తేనె కలిపి తాగితే మూత్రపిండాలను, మూత్రనాళాలను అది శుభ్రం చేస్తుందట. ఆ తొలి రోజుల్లో ఐరోపాకు ఓడల మీద చేరింది ఎక్కువగా పచ్చ తేయాకే. కనుక గార్వే అమ్మిన సరుకూ, మీ అలమరలోని సరుకూ దాదాపు ఒకటే.

వ్యాపారి సరుకు మెచ్చుకోవడంలో వింత లేదు. కానీ రాయి గురించి ఎందుకు రాశాడు? ఆనాటి లండన్ వాసులకు రాయి అంటే ఎంత భయమో తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. తన దినచర్య గ్రంథంతో చరిత్రకెక్కిన శామ్యూల్ పీప్స్‌కు 1658 మార్చి 26న మూత్రాశయంలోని రాయిని కోసి తీశారు. మత్తుమందు లేని కాలం. కాళ్లూ చేతులూ కట్టి, మనుషులు పట్టుకొని ఉండగా చేసే శస్త్రచికిత్స. టెన్నిస్ బంతి అంత రాయి బయటికి వచ్చింది. బతికి బయటపడిన ఆ రోజును పీప్స్ తరువాత ఏటా పండుగలా జరుపుకొనేవాడు. ఆయనే 1660 సెప్టెంబరు 25న జీవితంలో మొదటిసారి ఒక కప్పు టీ తాగినట్లు రాసుకున్నాడు. 1703లో ఆయన మరణించాక దేహాన్ని కోసి చూస్తే ఎడమ మూత్రపిండంలో ఏడు రాళ్లు కనిపించాయి. అలాంటి ఊరిలో, అలాంటి కాలంలో, కత్తి అవసరం లేకుండా రాయిని పోగొట్టే ఆకు ఉందని అచ్చుకాగితం చెబితే డబ్బున్నవాడు కొనకుండా ఉంటాడా? గార్వే అమ్మినది ఆకు. కొన్నవారు కొన్నది భయానికి ఊరట.

ఈ చరిత్ర నాకు వినోదం కాదు. కారణం చెబుతాను.

వృత్తిలో నా చివరి సంవత్సరాలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరికి వచ్చేవారు. పన్నెండేళ్లుగా మధుమేహం. మూత్రంలో ఆల్బుమిన్ పోతోంది, రక్తంలో క్రియాటినిన్ 1.8. ఆల్బుమిన్ పోవడాన్ని తగ్గించే బి.పి. మాత్ర రాశాను, ఉప్పు తగ్గించమన్నాను, రెండు నెలలకు రమ్మన్నాను. ఆయన ఐదు నెలలకు వచ్చారు. ముఖంలో సంతోషం. "డాక్టరు గారూ, మూత్రం ఇప్పుడు ధారాళంగా వస్తోందండీ. రాత్రి కూడా నాలుగైదుసార్లు లేస్తున్నాను. కిడ్నీలు శుభ్రపడుతున్నట్టే ఉంది" అన్నారు. మాత్రలు మానేసి మూడు నెలలైందట. రోజుకు ఆరుసార్లు గ్రీన్ టీ, ప్రతిసారీ తేనె. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 3.2, చక్కెర మూడువందలు దాటింది. తప్పు ఆయనది మాత్రమే కాదు. అంతకుముందు మా సంభాషణల్లో నేను ఉప్పు గురించి అడిగాను, మాత్రల గురించి అడిగాను. ఏం తాగుతున్నారు మాస్టారూ అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయన చెప్పిన మాటలో ఒక పదాన్ని మీరు గుర్తుంచుకోండి: "ధారాళంగా". తేయాకు కీర్తి అంతా ఆ పదం మీదే మొదలైంది.

చైనాలో తాంగ్ వంశపు ప్రభుత్వం 659లో వెలువరించిన ఔషధ గ్రంథంలో తేయాకు ప్రస్తావన ఉంది. అది కఫాన్ని, వేడిని, దాహాన్ని పోగొడుతుందని, నిద్రను తగ్గిస్తుందని, మూత్రాన్ని సులభంగా జారీ చేస్తుందని ఆ గ్రంథం చెబుతుంది. చూడండి, ఎంత నిజాయితీ గల పరిశీలనో! ఆ వైద్యులు కళ్లతో చూసినది చూసినట్టు రాశారు. టీ తాగినవాడికి నిద్ర పట్టదు, మూత్రం వస్తుంది. మూత్రపిండాలు బాగుపడతాయని వారు అక్కడ అనలేదు. మన దేశంలోనూ చరకుడు మూత్రాన్ని జారీ చేసే పది మూలికలను 'మూత్రవిరేచనీయ' వర్గమని ఒకచోట చేర్చాడు. పల్లేరు అందులో ఉంది, పాషాణభేది ఉంది. మన ప్రాంతాల్లో ఆ రెండో పేరుతో కొండపిండి ఆకును వాడుతూ వచ్చారు. ప్రతి నాగరికతలోనూ వైద్యుడు ముందుగా చూసినది మూత్రం ఎంత వచ్చిందన్నదే. పాపం, చూడగలిగింది అంతే మరి.

జపానుకు వస్తే కథ మరో మలుపు తిరుగుతుంది. చైనాలో చదువుకొని వచ్చిన ఐసాయ్ అనే బౌద్ధ భిక్షువు 1211లో తేయాకు మీద ఒక ఆరోగ్య గ్రంథం రాశాడు. 1214లో అప్పటి పాలకుడు, షోగన్ సానెతొమో, ముందు రాత్రి మద్యం ఎక్కువై మర్నాడు తల ఎత్తలేక ఉంటే, ఐసాయ్ ఒక గిన్నెడు టీ, దానితోపాటు టీ గుణాలను కీర్తించే ఒక గ్రంథం పంపాడని ఆనాటి రాజ్య చరిత్ర నమోదు చేసింది. తేయాకు చరిత్రలో ఇది చాలా ప్రసిద్ధమైన ఘట్టం. కానీ గ్రంథంలో ఏముందో చెప్పేవారు తక్కువ. ఐసాయ్ లెక్క ప్రకారం ఐదు అంగాలకు ఐదు రుచులు. కాలేయానికి పులుపు, ఊపిరితిత్తులకు కారం, ప్లీహానికి తీపి, మూత్రపిండాలకు ఉప్పు, గుండెకు చేదు. జపాను ప్రజల ఆహారంలో చేదు లేదు కనుక వారి గుండె బలహీనమైందని, చేదైన టీ ఆ లోటు తీరుస్తుందని ఆయన వాదన. అంటే గ్రీన్ టీకి ఆదిగురువుగా చెప్పుకొనే మనిషి దానిని గుండెకు ఇచ్చాడు. మూత్రపిండాలకు ఆయన చూపిన రుచి, నేడు మేము రోగులను చేతులు జోడించి మానమని వేడుకొనే ఉప్పు!

ఆ గ్రంథం రెండో భాగం నన్ను మరింత ఆకర్షించింది. అందులో ఐసాయ్ కొన్ని రోగాలను పేర్కొన్నాడు. వాటిలో ఒకటి 'నీళ్లు తాగే జబ్బు'. ఎంత తాగినా దాహం తీరని ఆ జబ్బును మీరు పోల్చుకునే ఉంటారు. చరిత్రకారులు దానిని మధుమేహంగా గుర్తించారు. నేడు ప్రపంచంలో మూత్రపిండాలు చెడిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే. దానికి ఐసాయ్ సూచించిన మందు టీ కాదు, మల్బరీ. మన హిందూపురం రైతులు పట్టుపురుగులకు మేపే ఆకు చెట్టే అది.

ఇక 'ధారాళంగా' అన్న మాట దగ్గరికి తిరిగి వద్దాం. మూత్రపిండాలు మురికి పట్టే కాలువలు కావు, మనం బయటి నుంచి నీళ్లు కొట్టి కడగడానికి. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో నూటికి తొంభైతొమ్మిది వంతులు తిరిగి రక్తంలోకి తీసుకొని, మిగిలిన లీటరున్నరను మాత్రమే బయటికి పంపుతాయి. వాటి అసలు నైపుణ్యం పారబోయడంలో కంటే తిరిగి పట్టుకోవడంలో ఉంది. ఆ నైపుణ్యం దెబ్బతిన్నప్పుడు ఏమవుతుంది? మూత్రాన్ని చిక్కపరచే శక్తి పోతుంది. నీళ్లలాంటి మూత్రం ఎక్కువగా వస్తుంది, రాత్రివేళ పదేపదే లేవవలసి వస్తుంది. రక్తంలో చక్కెర పెరిగినా అంతే. మా మాస్టారు శుభ్రపడటమనుకొని సంతోషించినది ఈ రెంటినే.

మూత్రం పరిమాణాన్ని వదిలి దాని గుణాన్ని చూడటం వైద్యులకు ఎప్పుడు అలవడింది? ఇందుకు ఒక స్పష్టమైన సంవత్సరం చెప్పుకోవచ్చు: 1827. లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒళ్లు నీరు పట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడి చేసేవాడు. కొందరి మూత్రం కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. ఆ రోగులు మరణించాక కోసి చూస్తే వారి మూత్రపిండాలు కుంచించుకొని, గరుకుదేలి కనిపించేవి. మూత్రంలో ఆల్బుమిన్, ఒంట్లో నీరు, లోపల చెడిన మూత్రపిండం, ఈ మూడింటినీ ఒకే దారానికి గుచ్చినవాడు బ్రైట్. ఆయన ఊరూ గార్వే ఊరూ ఒకటే, నడుమ 167 ఏళ్లు. గార్వే కాలంలో మూత్రపిండం బాగుందో లేదో తెలుసుకునే మార్గమే లేదు. కనుక అది శుభ్రపడిందన్న మాటను కాదనగలిగేవారూ లేరు.

తేయాకులో మూత్రాన్ని జారీ చేసే పదార్థాలేమిటో పందొమ్మిదో శతాబ్దపు రసాయనశాస్త్రం తేల్చింది. కాఫీలోని కెఫీనే తేయాకులోనూ ఉందని తెలిసింది. 1888లో జర్మనీకి చెందిన ఆల్బ్రెక్ట్ కోసెల్ తేయాకు సారం నుంచి థియోఫిలిన్‌ను వేరు చేశాడు. 1902 నుంచి దానిని ఒంటి నీరు తీసే మందుగా రోగులకు వాడారు. అంటే ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో తేయాకు నిజంగానే మూత్రపిండాల మీద పనిచేసే మందును ఇచ్చింది! కానీ అది చేసింది నీరు తీయడమే. దెబ్బతిన్న మూత్రపిండాన్ని అది బాగుచేయలేదు. తరువాత అంతకంటే మంచి మందులు రావడంతో ఆ పనికి దానిని వాడటం మానేశారు. థియోఫిలిన్ మాత్రం ఉబ్బసానికి పనికొచ్చి బతికింది. మీ నాన్నగారో తాతగారో ఆయాసానికి డెరిఫిల్లిన్ మాత్రలు వేసుకొని ఉంటే, వారు వేసుకున్నది ఈ వంశపు మందే. మనం తాగే కప్పులో థియోఫిలిన్ ఉండేది అత్యల్పం. కెఫీన్ కొంత ఉంటుంది, అదీ కాఫీలో కంటే బాగా తక్కువ. రోజూ తాగేవారి శరీరం దానికి త్వరలోనే అలవాటుపడుతుంది.

కోసెల్ థియోఫిలిన్‌ను కనుగొన్న ఆ 1888లోనే జపానులో మిచియో సుజిమురా జన్మించింది. స్త్రీలకు ప్రయోగశాల తలుపులు సులభంగా తెరుచుకోని రోజుల్లో ఆమె టోక్యోలో పనిచేస్తూ 1929లో గ్రీన్ టీ నుంచి కాటెచిన్‌ను వేరు చేసింది. 1932లో జపానులో వ్యవసాయశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి మహిళ అయింది. ఆమె పరిశోధన అంశం గ్రీన్ టీలోని రసాయనాలే. కోసిన ఆకును వెంటనే ఆవిరి పట్టో, వేయించో ఆపితే కాటెచిన్లు నిలిచి ఉంటాయి. అదే గ్రీన్ టీ. ఆకును నలిపి గాలికి వదిలితే అవి మారిపోయి నల్ల టీ అవుతుంది. మొక్క ఒక్కటే. ఈనాడు గ్రీన్ టీ గురించి జరిగే పరిశోధనలో అధికభాగం ఈ కాటెచిన్ల చుట్టూనే తిరుగుతోంది. వాటిలో ముఖ్యమైనదానికి ఎపిగాలోకాటెచిన్ గాలేట్ అని నోరు తిరగని పేరు. ఇ.జి.సి.జి. అందాం.

జపానులోని తొయామాలో 1990లలో మూత్రపిండాలు చెడిన ఎలుకలకు గ్రీన్ టీ సారం ఇచ్చి మేలు చూశారు. ఎలుకలకు మేలు చేసినవన్నీ మనుషులకు చేస్తే నా వంటివారికి పనే ఉండేది కాదు. మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో నేను శ్రద్ధగా చదివినది బ్రెజిల్ దేశపు కంపీనాస్ విశ్వవిద్యాలయం వారిది. అది 2016లో ప్రచురితమైంది. మధుమేహం వల్ల ఆల్బుమిన్ పోతున్న 42 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 12 వారాలపాటు రోజుకు 800 మిల్లీగ్రాముల ఇ.జి.సి.జి. ఉన్న గ్రీన్ టీ సారం, రెండో జట్టుకు ఏమీ లేని ఉత్తుత్తి గొట్టాలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. మొదటి జట్టులో ఆల్బుమిన్ 41 శాతం తగ్గింది. రెండో జట్టులో 2 శాతం పెరిగింది. బ్రైట్ చెంచాలో గడ్డకట్టిన ఆ పదార్థమే ఇక్కడ కొలతకు వచ్చింది.

ఈ ఫలితాన్ని చూసి నేనూ సంతోషించాను. అయితే మీరు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆ రోగులందరూ ఆల్బుమిన్ తగ్గించే బి.పి. మాత్రలను పూర్తి మోతాదులో వాడుతున్నవారే. మాత్రలు వాడినా ఇంకా పోతున్న ఆల్బుమిన్‌ను తగ్గించగలమా అన్నదే పరిశోధకుల ప్రశ్న. గ్రీన్ టీ సారం అక్కడ మాత్రకు తోడుగా వచ్చింది, బదులుగా రాలేదు. మా మాస్టారు చేసినది దీనికి సరిగ్గా తలకిందులు. రెండోది మోతాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో గ్రీన్ టీ మీద నివేదిక ఇచ్చింది. సారాల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఇ.జి.సి.జి. తీసుకొన్నవారిలో కాలేయపు ఎంజైములు పెరిగిన దాఖలాలున్నాయని అందులో తేల్చింది. మామూలుగా కాచుకొని తాగేవారికి రోజుకు అందేది సగటున 90 నుంచి 300 మిల్లీగ్రాములు. దాని విషయంలో ఆ సంస్థకు అంత ఆందోళన లేదు. అంటే కంపీనాస్ ప్రయోగంలో మూత్రపిండానికి ఆశ చూపిన మోతాదూ, కాలేయానికి హద్దు గీసిన మోతాదూ ఒక్కటే. పన్నెండు వారాలు, నలభై ఇద్దరు, వైద్యుల పర్యవేక్షణ అన్నది ఒకటి. మందుల దుకాణంలో డబ్బా కొనుక్కొని ఏళ్ల తరబడి మింగడం మరొకటి.

మరి గార్వే చెప్పిన రాయి మాటేమిటి? ఇక్కడ ఆ పొగాకు వర్తకునికి కొంత న్యాయం చేయాలి. అమెరికాలో గ్యారీ కర్హాన్ బృందం 1996లో పురుషుల మీద, 1998లో స్త్రీల మీద ప్రచురించిన పెద్ద అధ్యయనాలలో, రోజుకు ఒక గ్లాసు టీకి రాళ్ల ముప్పు పురుషులలో 14 శాతం, స్త్రీలలో 8 శాతం తక్కువగా కనిపించింది. షాంఘై నగరంలో లక్షమందికి పైగా స్త్రీపురుషులను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో గ్రీన్ టీ తాగేవారికి రాళ్లు కొంత తక్కువగా వచ్చాయి. తాగిన నీరు చేసిన మేలెంత, ఆకు చేసిన మేలెంత అన్నది ఇలాంటి అధ్యయనాలతో పూర్తిగా విడదీయలేం. అయినా తేయాకులో ఆగ్జలేట్ ఉంది కనుక టీ తాగితే రాళ్లు తప్పవన్న భయం మితంగా తాగేవారి విషయంలో నిలవలేదు. గ్రీన్ టీలో ఆగ్జలేట్ నల్ల టీలో కంటే తక్కువ. మన పాల టీలో పాలలోని కాల్షియం ఆ ఆగ్జలేట్‌ను పేగులోనే కొంత పట్టేస్తుంది. మితం తప్పితే ఏమవుతుందో 2015లో ఒక అమెరికన్ వైద్య పత్రిక ప్రచురించింది. ఆర్కన్సా రాష్ట్రంలో 56 ఏళ్ల వ్యక్తి ఒకరు రోజుకు పదహారు పెద్ద గ్లాసుల చల్లటి నల్ల టీ, అంటే దాదాపు నాలుగు లీటర్లు తాగేవారు. ఆగ్జలేట్ స్ఫటికాలు పేరుకొని మూత్రపిండాలు చెడి, డయాలిసిస్ దాకా వెళ్లారు.

కనుక ఆరోగ్యవంతులైన మీరు రోజుకు రెండు మూడు కప్పుల గ్రీన్ టీ ఇష్టంగా తాగుతుంటే మానమని నేను చెప్పను. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం కొన్ని మాటలు చెప్పాలి. నీళ్లకు పరిమితి పెట్టినవారు టీని కూడా ఆ కొలతలోనే లెక్కించాలి. ఆరు కప్పులంటే సుమారు లీటరు. రక్తహీనతకు ఇనుము మాత్రలు వేసుకునేవారు వాటితోపాటు టీ తాగకూడదు, తేయాకు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మధ్యలో కనీసం ఒకటి రెండు గంటల ఎడం ఉండాలి. డయాలిసిస్ మీద ఉన్నవారు టీ రకాన్ని చూసుకోవాలి. జపాను ఆహార పట్టికల ప్రకారం రోజువారీ 'సెంచా' టీ 100 మిల్లీలీటర్లలో పొటాషియం 27 మిల్లీగ్రాములే. నీడలో పెంచి చిక్కగా దించే 'గ్యోకురో'లో 340. తేనె సంగతి మధుమేహులకు వేరే చెప్పనవసరం లేదు. నాడొలాల్ అనే గుండె మందు వాడేవారు వైద్యుని అడగకుండా గ్రీన్ టీ తాగకూడదు. జపానులోనే 2014లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో గ్రీన్ టీ తాగినవారి రక్తంలోకి ఆ మందు చేరడం 85 శాతం తగ్గిపోయింది.

మాస్టారి చేత మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాను, చక్కెరను అదుపులోకి తెచ్చాం. క్రియాటినిన్ 2.6కు దిగింది, అంతకంటే దిగలేదు. నాలుగేళ్ల తరువాత డయాలిసిస్ అవసరమైంది. ఆ మూడు నెలలు మందు మానకపోతే ఇంకెన్నాళ్లు ఆగేదో నేను చెప్పలేను. గ్రీన్ టీ ఆయనకు చేసిన హాని ఏమీ లేదు. దాని పేరుతో ఆగిపోయిన మాత్ర చేసింది, దానిలో కలిసిన తేనె చేసింది. ఉదయం ఒక కప్పు ఉంచుకోమని, తేనె వద్దని చెప్పాను. చివరిదాకా అలాగే తాగారు. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి మూత్రపిండ రోగినీ మందుల చీటీ విప్పకముందే ఇంట్లో ఏమేమి తాగుతున్నారని అడగడం అలవాటు చేసుకున్నాను. మీ వైద్యుడు అడగకపోతే మీరే చెప్పండి. వీలైతే ఆ డబ్బాను కూడా వెంట తీసుకువెళ్లండి.